షాపు అద్దె గురించి అల్లుడికి నాలుగు మాటలు

అల్లుడూ, బ్రాడీపేటలో షాపు తీసుకుంటున్నావని అక్క ఫోన్లో చెప్పింది, సంతోషం రా. కరోనా లాంటిది మళ్ళీ వస్తే అద్దె ఎలాగో అగ్రిమెంట్లో ఓ ముక్క రాద్దామని నువ్వంటే ఓనరు గారు అవన్నీ ఎందుకు బాబూ అప్పుడు చూసుకుందాం అన్నాడంట కదా, అక్కడే ఒప్పుకోకు. 2020లో అలా అనుకున్నవాళ్ళంతా ఎలా కొట్టుకున్నారో విజయవాడ గవర్నర్‌పేటలో కూర్చుని చూశా. నాకూ అక్కడ రెండు షాపులున్నాయి కాబట్టి ఓనర్ల బాధ కూడా తెలుసు, చాలామందికి ఇంటి ఖర్చు, లోను ఈఎంఐ అన్నీ ఆ అద్దె మీదే.

అప్పట్లో అద్దె కట్టక్కర్లేదని గవర్నమెంట్ చెప్పిందంటూ వాట్సాప్ మెసేజులు తెగ తిరిగాయి. మార్చి 29న కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఆర్డరు కూలీలు, వలస కార్మికులు ఉండే ఇళ్ళకి, ఒక్క నెల అద్దె అడగొద్దని. షాపులకి కాదు. రిజర్వ్ బ్యాంక్ మారటోరియం, అంటే కొన్నాళ్ళు కట్టకుండా ఆపుకునే వెసులుబాటు, అదేమో లోన్ల కిస్తీలకి, అదీ మాఫీ కాదు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంది. కోర్టుకెళ్తే పోలా అంటావేమో, ఢిల్లీ ఖాన్ మార్కెట్లో ఒక చెప్పుల షాపాయన అలాగే వెళ్ళాడు, లాక్‌డౌన్ అని చెప్పి అద్దె ఆపేయడం కుదరదని 2020 మేలో హైకోర్టు చెప్పేసింది, కట్టడానికి కాస్త టైమిచ్చింది అంతే. అగ్రిమెంట్లో అలాంటి షరతు రాసుకుని ఉంటే దాని ప్రకారం పోవాలి, లేకపోతే షాపు చేతిలో ఉన్నన్నాళ్ళూ అద్దె కట్టాల్సిందే అన్నది దాని సారాంశం. అందుకే రాయించమనేది.

ఏం రాయించాలంటే, గవర్నమెంట్ ఆర్డరుతో షాపు పూర్తిగా మూసిన నెలకి ఒక రేటు, సగం పూట తెరిచిన నెలకి ఇంకో రేటు. 2021 మేలో మన దగ్గర మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ పెట్టారు గుర్తుందా, పొద్దున్నే జనం వచ్చే కిరాణా వాళ్ళకి పెద్దగా పోలేదు, సాయంత్రం బేరాల మీద బతికే బట్టల షాపుల వాళ్ళు మాత్రం మునిగిపోయారు. నీది ఫ్యాన్సీ షాపు కాబట్టి ఆ తేడా నీకే ముఖ్యం. కరెంటు, మెయింటెనెన్స్ లాంటివి ఎవరు కట్టాలో కూడా అందులోనే పెట్టు. ఏటా పెంచే ఐదు పర్సెంట్ ఆ సంవత్సరానికి ఆపమని అడుగు, నెల అద్దె వదులుకోమంటే మొహం మాడ్చుకునే ఓనరు కూడా దీనికి తేలిగ్గా ఒప్పుకుంటాడు.

రేపు నిజంగా అలాంటి రోజులొస్తే, డ్యూ డేట్ దాటాక ఫోన్ ఎత్తకుండా దాక్కోవద్దు. ముందే వెళ్ళి కలువు, ఫోన్‌పే కలెక్షన్ చూపించు, ఇంత కట్టగలను ఇంత కట్టలేను అని అంకె చెప్పు. ఊరికే చూసుకోండి సార్ అంటే ఆయన మాత్రం ఏం చూసుకుంటాడు? అన్నిటికంటే ముఖ్యం, తగ్గించింది మాఫీయా వాయిదానా అన్నది అప్పుడే తేల్చుకో. గొడవలన్నీ ఇక్కడే వస్తాయి, అద్దెకున్నవాడు మాఫీ అనుకుంటాడు ఓనరు బాకీ అనుకుంటాడు, ఏడాది తర్వాత ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో కోసేస్తే అప్పుడు తెలుస్తుంది. నా షాపులో ఉండే టైలర్‌తో ఆ మే నెలకి బిల్లు బుక్కు కాగితం వెనకే రాసుకున్నాం, పద్దెనిమిది వేలల్లో తొమ్మిది ఇప్పుడు, నాలుగున్నర దసరాలోపు, నాలుగున్నర మాఫీ, కింద ఇద్దరి సంతకాలు, ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకున్నాం. ఇప్పటికీ ఇద్దరం కలిసి టీ తాగుతాం.

అడ్వాన్స్‌లో పట్టుకోండిలే అని మాత్రం నోరు జారకు. అది అయిపోయిందంటే ఖాళీ చెయ్యమనడానికి ఓనరుకి సందు దొరికినట్టే, తర్వాత షాపు మారదామన్నా చేతిలో డబ్బుండదు. ఒకవేళ పట్టుకోమన్నా ఎంత పట్టుకున్నారు, మళ్ళీ ఎప్పటికి నింపాలి అన్నది రాయించుకో. ఓనరు జీఎస్టీ బిల్లు ఇచ్చేవాడైతే తగ్గించిన అద్దెకే బిల్లు వేయమను, లేదంటే రాని అద్దె మీద కూడా పద్దెనిమిది పర్సెంట్ లెక్క నెత్తిన పడుతుంది.

అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించాలి, ఆ ఖర్చు ఎవరిదో కూడా మాట్లాడుకో. సంతకం పెట్టే ముందు డ్రాఫ్టు ఫోటో తీసి పంపు, అక్షరాలు కనపడేలా తియ్యి, పోయినసారి పంపింది సగం నీడే.

మీ మావయ్య