కొమ్మలకు ఏ రూటింగ్ హార్మోన్ కొనాలి?

మందారం, బోగన్‌విల్లా కొమ్మలు నాటడానికి రూటింగ్ హార్మోన్ (కోసిన కొమ్మకు వేర్లు పుట్టించే మందు) పౌడర్ మంచిదా, జెల్లా, లిక్విడా అని అడిగారు. అది తర్వాత చూద్దాం. ముందు డబ్బా వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. ఐబీఏ, అంటే వేర్లు పుట్టించే ఇండోల్ బ్యూటిరిక్ యాసిడ్, ఎంత శాతం ఉందో అక్కడ రాస్తారు. ఎన్ఏఏ (అలాంటిదే ఇంకో హార్మోన్) కూడా కలిపి ఉంటే ఫర్వాలేదు. శాతం అసలు రాయని డబ్బాను నేను ముట్టను.

ఈ జాగ్రత్త దెబ్బ తిన్నాకే వచ్చింది. ఘాటుగా ఉంటే వేర్లు త్వరగా వస్తాయనుకుని మొదటిసారి 0.8 శాతం పౌడర్ కొన్నాను. లేత మందారం కొమ్మలకు దిట్టంగా పట్టించాను. పది రోజులకు పీకి చూస్తే (పీకి చూసే జబ్బు నాకూ ఉంది) అడుగంతా నల్లబడి మెత్తగా అయిపోయింది. నీళ్లెక్కువయ్యాయనుకుని మళ్లీ అదే పౌడర్‌తో ఇంకోసారి నాటాను, అవీ పోయాయి. పౌడర్ చాలక ఉత్తినే గుచ్చిన రెండు కొమ్మలు మాత్రం చక్కగా చిగురేశాయి! హార్మోన్ మోతాదు మించితే కొమ్మ అడుగు మాడిపోతుందని అప్పుడు తెలిసింది.

మామూలుగా లేత కొమ్మకు 0.1 శాతం, సగం ముదిరినదానికి 0.3, గట్టి కట్టె లాంటి కొమ్మకు 0.8 వాడతారు. లిక్విడ్ మీద పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులో) అని ఉంటే 1000 పీపీఎం అంటే 0.1 శాతమని లెక్కేసుకోండి. మీ రెండు మొక్కలకూ సగం ముదిరిన కొమ్మలు కోసుకుంటే 0.3 పౌడర్ ఒక్కటే సరిపోతుంది.

ఇంట్లో నాలుగైదు కొమ్మలు పెట్టుకునేవాళ్లకు పౌడరే సుఖం. లిక్విడ్‌లో కొమ్మ ఎన్ని సెకన్లు ముంచాలో ఘాటును బట్టి మారుతుంది, ఆ టెన్షన్ మనకెందుకు? జెల్ బాగానే అంటుకుంటుంది, నేను పెద్దగా వాడలేదు.

కొమ్మను నేరుగా డబ్బాలో ముంచకండి, తడి తగిలితే మిగతా పౌడర్ పాడవుతుంది. కొంచెం కాగితం మీద పోసుకుని, కణుపు కింద కోసిన చోట అద్ది, ఎక్కువైంది దులిపేయండి. మట్టిలో ముందు పుల్లతో బెజ్జం చేశాక కొమ్మ పెట్టండి, లేకపోతే అద్దిన పౌడరంతా పైనే రాలిపోతుంది. డబ్బాను ఎండ తగలని చల్లటి చోట ఉంచండి. కిటికీలో పెట్టిన నా పాత డబ్బా రెండో ఏడాదికి ఉత్త టాల్కమ్ పౌడరే అయింది.

దాల్చినచెక్క పొడి బూజును కొంత ఆపుతుందేమో గానీ అది హార్మోన్ కాదు, తేనె కూడా అంతే. మనీప్లాంట్, పుదీనా, కోలియస్‌కు ఏదీ అక్కర్లేదు, నీళ్లలో పెట్టినా వేర్లేస్తాయి.

ఈసారి నాటేటప్పుడు రెండు కొమ్మలు పౌడర్ లేకుండా కూడా పెట్టండి. అవే ముందు వేర్లేస్తే మీ శాతం ఎక్కువైందేమోనని అనుమానించవచ్చు.