గారపళ్లని ఏడిపిస్తుంటే బడికి బాధ్యత లేదా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక పల్లె. మా బాబుకు పన్నెండేళ్లు. దగ్గరి పట్టణంలో ప్రైవేటు బడిలో ఏడో తరగతి చదువుతున్నాడు. చిన్నప్పుడు తాగిన బోరునీళ్ల వల్ల పళ్లు గార పట్టాయి. బడి బస్సులో ఎనిమిదో తరగతి పిల్లలు ముగ్గురు వాడిని ‘గారపళ్లు’ అని పిలుస్తూ, బలవంతంగా నోరు తెరిపించి అందరికీ చూపిస్తున్నారు. చేతిలో పది రూపాయలుంటే లాక్కుంటున్నారు. పోయిన నెల బస్సు మెట్ల మీది నుంచి తోసేస్తే పెదవికి రెండు కుట్లు పడ్డాయి. హెడ్మాస్టరును అడిగితే ‘బస్సులో జరిగినదానికి మేమేం చేస్తాం? పిల్లలన్నాక ఇవన్నీ మామూలే. మంచి టూత్‌పేస్టు కొనివ్వండి’ అన్నారు. లెక్కల సారు కూడా తరగతిలో అదే పేరుతో పిలుస్తారట. కోపం పట్టలేక మావారు ఆ ముగ్గురిలో ఒకడిని బస్సు ఆగేచోట చెంపమీద కొట్టారు. ఇప్పుడు వాళ్లు కేసు పెడతామంటున్నారు. గొడవ చేస్తే టీసీ ఇచ్చి పంపేస్తామని బడివాళ్లు అంటున్నారు. ఆ పిల్లల మీద పోలీసు కేసు పెట్టవచ్చా? వాళ్ల ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెడదామని మా తమ్ముడు అంటున్నాడు. బాబు ఈ మధ్య ఎవరితో మాట్లాడినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఫేస్‌బుక్ సంగతి చెబుతాను. మిగతావాటికి వారం రోజులు ఆగవచ్చు గాని అది ఈ రాత్రికే జరిగిపోవచ్చు. మీ తమ్ముణ్ణి ఆపండి. నేరారోపణ ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి, ఊరు ఏవీ బయటపెట్టకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. కాదని పెడితే ఆరు నెలల దాకా జైలు గాని, రెండు లక్షల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. అదే సెక్షన్ బాధితుడైన మీ బాబుకూ రక్షణ. ఆ ఫొటోల కింద పదిమంది వ్యాఖ్యలు రాసేసరికి, ఇప్పటిదాకా ఒక బస్సుకే తెలిసిన ఆ మారుపేరు ఊరంతా పాకుతుంది.

ఇక కేసు. పెట్టవచ్చు, కానీ మీరు ఊహిస్తున్నట్టు ఉండదు. పదమూడేళ్ల పిల్లలను స్టేషన్ లాకప్‌లో పెట్టడానికి వీల్లేదు. ఇలాంటి చిన్న నేరాలకు మామూలుగా ఎఫ్‌ఐఆర్ కూడా ఉండదు. పోలీసులు జనరల్ డైరీలో రాసుకుని, పిల్లల ఇంటి పరిస్థితుల నివేదికతో విషయాన్ని, పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపుతారు. బోర్డు ఆ పిల్లలను మందలించి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, సమాజ సేవ చేయించవచ్చు, తల్లిదండ్రుల చేత జరిమానా కట్టించవచ్చు. ఆ పిల్లల బతుకు మీద మచ్చ పడకుండా చూడడం కూడా ఆ చట్టం ఉద్దేశమే. ఇది మీకు రుచించకపోవచ్చు. రేపు మీ బాబే ఎవరినైనా తోసి ఆ బోర్డు ముందు నిలబడాల్సి వస్తే ఈ చట్టమే వాడిని కాస్తుందని గుర్తుంచుకోండి. పెదవి చిట్లింది కాబట్టి ఫిర్యాదు ఇవ్వండి, తప్పు లేదు. కానీ స్టేషన్ బయట దరఖాస్తులు రాసిపెట్టేవాళ్లు పది రూపాయలను ‘దోపిడీ’ అని, మెట్ల మీది నుంచి తోయడాన్ని ‘హత్యాయత్నం’ అని రాస్తారు. అలా రాయించుకున్న కాగితాలను నేను చాలా చూశాను. ఉన్న నిజాన్ని కూడా అవి పాడుచేస్తాయి.

నన్నడిగితే, మీ ఉత్తరంలో అసలు ప్రతివాదులు ఆ ముగ్గురు పిల్లలు కారు. టూత్‌పేస్టు సలహా ఇచ్చిన పెద్దమనిషి, లెక్కల సారు.

మీ బాబు పళ్ల గార బోరునీళ్లలోని ఫ్లోరైడ్ వేసిన మరక. ఈ మరకలు పళ్లు తోముకోకపోవడం వల్ల వచ్చేవి కావు. చిగుళ్ల లోపల పళ్లు తయారవుతున్న వయసులో తాగిన నీటి నుంచి వస్తాయి. ఏ పేస్టుతో తోమినా పోవు. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం వేసి తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పెట్టుకుంది. ఆ జిల్లాలో బడి నడుపుతున్న మనిషికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

బస్సులో జరిగిన దానితో సంబంధం లేదన్న మాట చట్టం ముందు నిలబడదు. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. ర్యాగింగ్ అంటే కాలేజీ వ్యవహారమని అందరూ అనుకుంటారు. చట్టంలో మాత్రం కాలేజీతో పాటు చదువు చెప్పే ఏ సంస్థ అయినా, హాస్టల్ అయినా దాని కిందికే వస్తుంది. ఒక విద్యార్థికి అవమానం, భయం, గాయం కలిగించే పని విద్యాసంస్థ లోపల చేసినా, బయట చేసినా నిషేధమే. ఫిర్యాదు అందాక సంస్థ అధిపతి పట్టించుకోకపోతే, ఆ నేరానికి ఆయన సహకరించినట్టే లెక్క. మీ హెడ్మాస్టరుగారు ఈ ఒక్క వాక్యం చదివితే చాలు, మిమ్మల్ని కుర్చీ వేసి కూర్చోబెడతారు.

లెక్కల సారుది వేరే లెక్క. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ప్రైవేటు బడి ఉపాధ్యాయుడికైనా ఇది వర్తిస్తుంది, క్రమశిక్షణ చర్య తీసుకోవాల్సిందే. సారే ఆ పేరుతో పిలిచాక బస్సులో పిల్లలు పిలవడంలో వింతేముంది? ఆయన మీద క్రిమినల్ కేసు గురించి మాత్రం ఇప్పుడే తొందరపడకండి. ముందు రాతపూర్వకంగా బడిని సమాధానం అడగండి.

2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో చదువుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో, విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై దేశమంతటా బళ్లకు, కాలేజీలకు, కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న చోట కౌన్సెలర్ ఉండాలి, వేధింపులపై గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. మీ బడిలో ఇవి ఉన్నాయా అని బడికి ఇచ్చే దరఖాస్తులో ఒక ప్రశ్న వేయండి.

టీసీ బెదిరింపుకు భయపడకండి. ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా పిల్లవాడిని బడి నుంచి వెళ్లగొట్టడాన్ని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ఒప్పుకోదు. మీ అంతట మీరే వేరే బడికి మార్చాలనుకుంటే అది మీ ఇష్టం. దానికి ముందు బాబును అడగండి. వాడికి అక్కడ ఇష్టమైన స్నేహితుడు ఒక్కడున్నా ఆలోచించాలి.

బడికి ఇచ్చే ఆ దరఖాస్తు మీరే తెలుగులో, తేదీలు వేసి రాయండి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడని మీ ఉత్తరంలో చివర రాశారు. ఫిర్యాదులో అది మొదటి వాక్యం కావాలి, మానసిక వేధింపు అంటే ఏమిటో అంతకంటే బాగా నేను రాయలేను. ఆ తరువాత ఏ రోజు ఏమన్నారు, బస్సులో డ్రైవరు, ఆయా ఎక్కడున్నారు, హెడ్మాస్టరును ఎప్పుడు కలిశారు, ఆయన ఏమన్నారు అన్నవి ఆయన మాటల్లోనే రాయండి. కుట్లు వేసిన ఆసుపత్రి చీటీ జిరాక్సు జతచేయండి. బస్సులో, గేటు దగ్గర కెమెరాలుంటే ఆ దృశ్యాలు చెరిగిపోకుండా భద్రపరచమని ఇప్పుడే రాసివ్వండి, కొద్ది రోజులకే పాతవాటి మీద కొత్తవి ఎక్కేస్తాయి. రెండో ప్రతి మీద బడి ముద్ర వేయించుకోండి. ముద్ర వేయబోమంటే స్పీడ్ పోస్టులో పంపండి. కదలిక లేకపోతే మండల విద్యాధికారికి, జిల్లా విద్యాధికారికి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇవ్వండి. ఆపైన రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఉంది. పిల్లల సహాయ నంబరు 1098కి ఎప్పుడైనా ఫోను చేయవచ్చు. వకీలు ఖర్చు గురించి దిగులు వద్దు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. కోర్టులో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

చివరిగా మీవారు. పిల్లవాడిని కొట్టడం నేరమే. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 115వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేసే కేసు కాదు. రాజీకి కూడా వీలుంది, పిల్లవాడి తరఫున వాళ్ల పెద్దలు రాజీపడవచ్చు. బస్సు ఆగేచోట పదిమంది చూసిన దెబ్బను కాదని బుకాయించవద్దు. ఆయన వాళ్లింటికి వెళ్లి, మీ పిల్లవాడి మీద చెయ్యి చేసుకోవడం తప్పేనని పెద్దమనిషిగా చెప్పి రావాలి. కాగితం మీద మాత్రం ఏమీ రాసివ్వకూడదు.

దీన్ని అడ్డం పెట్టుకుని బడివాళ్లు ఒకరోజు రెండు కుటుంబాలనూ పిలిచి, టీ తెప్పించి, ‘మీ ఆయన కొట్టాడు, వాళ్ల పిల్లలు తోశారు, చెల్లుకు చెల్లు’ అంటారు. ఇకపై ఎటువంటి ఫిర్యాదూ చేయబోమని రాసిన కాగితం మీ ముందుకు జరుపుతారు. టీ తాగండి, సంతకం పెట్టకండి. మీవారి దెబ్బకు, మీ బాబు పెదవికి రాజీ కుదిరితే కుదరవచ్చు. బడి చేయాల్సిన పనికి ఆ కాగితంలో చోటుండదు. అది రాసి ఉన్న ముద్రపడిన రెండో ప్రతి మీ సంచిలో ఉంటుంది కదా, దాన్ని తీసి ఆ బల్ల మీదే పెట్టండి.