మూడు రాత్రులు, ఏడు పాటలు

విజయవాడ,
ఆదివారం సాయంత్రం

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. ఇంగ్లండ్ రాక్ బృందం డీప్ పర్పుల్ వాళ్ళ కచేరీ రికార్డు ‘మేడ్ ఇన్ జపాన్’ గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. రెండుసార్లు చదివాను. మధ్యలో ఆ డబుల్ ఆల్బమ్ మొత్తం, 76 నిమిషాలూ, కూర్చుని విన్నాను. ఉత్తరం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నచ్చింది ముందు చెప్తాను. ‘చైల్డ్ ఇన్ టైమ్’ పాట మొదలవగానే లేచి ఫ్యాన్ ఆపేశానని రాశావు. ఆర్గన్ అంత సన్నగా ఎత్తుకుంటుంది కదా, పైన ఫ్యాన్ తిరుగుతుంటే సగం పోతుంది. ఆ వాక్యం చదువుతుంటే ఉక్కపోతలో చెవులు రిక్కించి కూర్చున్న పిల్ల నా కళ్ళకి కట్టింది. మిగతా నాలుగు పేజీల్లో నువ్వు కనబడలేదమ్మా. ‘అద్భుతం’ తొమ్మిదిసార్లు ఉంది, లెక్కపెట్టాను. ‘చరిత్ర సృష్టించిన’ అని మూడుసార్లు. ఆల్బమ్ వినకుండానే రాయగలిగిన మాటలివి.

ఒక పొరపాటు కూడా ఉంది. ‘లేజీ’ మొదట్లో గుర్రుమంటూ లేచే శబ్దాన్ని ‘గిటార్ గర్జన’ అన్నావు. అది గిటార్ కాదు, జాన్ లార్డ్ వాయించే హామండ్ ఆర్గన్. మెత్తగా, చర్చిలో ప్రార్థనకి తోడుగా మోగే వాయిద్యాన్ని ఆయన గిటార్ వాళ్ళు వాడే మార్షల్ యాంప్లిఫయర్‌కి తగిలించాడు. అందుకే దాని గొంతు అలా గరుకెక్కింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. ఒక చెవి వైపు ఆర్గన్, ఇంకో చెవి వైపు రిచీ బ్లాక్‌మోర్ గిటార్ ఉంటాయి. శబ్దం ఎక్కణ్ణించి వస్తోందో తెలిసిపోయాక నీకు ‘గర్జన’ అక్కర్లేదు. ఆర్గన్‌ని తీసుకెళ్ళి గిటార్ యాంప్లిఫయర్‌కి తగిలించాడని చెప్పు, చదివేవాళ్ళు మిగతాది వినేస్తారు.

నేను ఈ ఆల్బమ్ మొదట విన్నది క్యాసెట్ మీద, హాస్టల్ రోజుల్లో. రెండు ఎల్పీలూ కలిపి తొంభై నిమిషాల క్యాసెట్‌లో చక్కగా పట్టేవి. నాకు కాపీ చేసిచ్చిన స్నేహితుడు, చివర్లో ఇంకో రెండు పాటలకి చోటు మిగులుతుందని, పాటల మధ్య చప్పట్లూ మాటలూ కోసేశాడు. ఏళ్ళ తరబడి అదే విన్నాను. పూర్తి రికార్డు చేతికొచ్చిన రోజున ‘హైవే స్టార్’ దగ్గరే ఆగిపోయాను. పాట వెంటనే మొదలవదు. హాల్లో జనం సద్దు. ఇయాన్ పైస్ స్నేర్ డ్రమ్ మీద ఒక్కో దెబ్బ వేసి చూసుకుంటున్నాడు. ఆర్గన్ ఒకసారి మూలుగుతుంది. గాయకుడు ఇయాన్ గిలాన్ మామూలు గొంతుతో పాట పేరు చెప్తాడు. ఆ తరవాత అందరూ కలిసి కొద్దికొద్దిగా పైకి లేస్తారు. ఇంకోచోట అదే గిలాన్ సౌండ్ వాళ్ళని అడుగుతాడు, అన్నీ అన్నిటికంటే గట్టిగా వినిపించాలి అని. నా క్యాసెట్‌లో ఏడు పాటలూ ఉన్నాయి గానీ ఆ హాలు లేదు.

నీ వ్యాసంలోనూ అలాంటి కోతే పడింది. ఎక్కడ కూర్చుని విన్నావు, ఏ నిమిషంలో వెనక్కి తిప్పి మళ్ళీ విన్నావు, ఎక్కడ విసుగేసింది, అన్నీ తీసేశావు. విసుగేసిందని రాయడానికి భయపడకు. ‘ద మ్యూల్’లో డ్రమ్స్ ఒక్కటే అంతసేపు మోగుతుంటే మొదటిసారి విన్నవాళ్ళకి కాస్త విసుగు రావచ్చు. వస్తే ఆ మాటే రాయి.

ఇక అసలు నీకు చెప్పాలనుకున్నది. ‘అప్పటికప్పుడు పొంగుకొచ్చిన సంగీతం’ అన్నావు, నిజమే. నీ రాతా అలాగే పొంగుకొచ్చిందనీ, ఒక్క అక్షరం దిద్దలేదనీ గర్వంగా చెప్పావు. వాళ్ళేం చేశారో చూడు. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకా ఫెస్టివల్ హాల్, 17న టోక్యో బుడోకాన్. మూడు రాత్రులూ దాదాపు అవే పాటలు వాయించారు. తమకు నమ్మకమైన ఇంజనీర్ మార్టిన్ బిర్చ్‌ని రప్పించి, ఎనిమిది ట్రాకుల మెషీన్ మీద మూడు రాత్రులూ రికార్డు చేయించారు. తరవాత బేస్ గిటార్ వాయించే రోజర్ గ్లోవర్, డ్రమ్స్ వాయించే పైస్ కూర్చుని ఏరారు. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ మొదటి రాత్రిది. ‘ద మ్యూల్’, ‘లేజీ’ టోక్యోవి. మిగతావి రెండో రాత్రివి. అంత ఏరినవాళ్ళు స్టూడియోకి వెళ్ళి ఒక్క స్వరం కూడా మళ్ళీ వాయించి అతికించలేదు. గిలాన్‌కి ఆ రాత్రుల్లో తన గొంతు నచ్చలేదు. అయినా దాన్ని అలాగే ఉంచారు.

నేను ముప్పై ఏళ్ళుగా రాస్తున్నది ఈ పద్ధతిలోనే. ఒకే సంగతిని మూడు రోజులు, మూడుసార్లు, ముందు రాసింది చూడకుండా రాస్తాను. తరవాత ఏ రోజుది ఊపిరి తీసుకుంటోందో దాన్ని తీసుకుంటాను. రెండో రోజు వాక్యాన్ని మొదటి రోజు పేరాలో ఇరికించను. ఇరికించిన ప్రతిసారీ అతుకు కనబడింది. నువ్వూ చేసి చూడు.

పొడుగు గురించి కూడా అడిగావు. ‘స్పేస్ ట్రకిన్’ స్టూడియోలో నాలుగున్నర నిమిషాల పాట. ఇక్కడ దాదాపు 20 నిమిషాలు, నాలుగో సైడంతా అదే. మన పద్యనాటకాల్లో నటుడు పద్యం చివర రాగం లాగుతుంటే జనం వన్స్ మోర్ అంటారు చూడు, అదంతా పుస్తకంలో నాలుగు పాదాలే. లాగే హక్కు ఆ నాలుగు పాదాలూ కంఠతా వచ్చినవాడికే ఉంటుంది. నీ రెండో పేజీ పొడుగు అలాంటిది కాదు. అక్కడ నీకు చెప్పడానికేమీ దొరక్క రాగం తీశావు.

ఇంకొకటి. ఆ రాత్రి వాళ్ళకి తెలియని సంగతులు వాళ్ళ నెత్తిన రుద్దావు. అది జపాన్‌లో మాత్రమే అమ్మడానికి అక్కడి కంపెనీ అడిగిన రికార్డు. ఇంగ్లండ్‌లో ఆ డిసెంబర్‌లో, అమెరికాలో మరుసటి ఏడాదీ వస్తుందని వేదిక మీద ఉన్నవాళ్ళకి తెలియదు. పదకొండు నెలలు తిరక్కుండా, 1973 జూన్ 29న, అదే ఒసాకాలో ఆ అయిదుగురూ కలిసి వాయించడం ఆగిపోతుందనీ తెలియదు. మళ్ళీ కలవడానికి 1984 దాకా పట్టింది. ఇది తలుచుకుని వింటే ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్’ చివర నాకు కళ్ళు చెమరుస్తాయి. బ్లాక్‌మోర్ గిటార్ మీద ఒక సంగతి వేస్తాడు, గిలాన్ దాన్ని గొంతుతో పట్టుకుంటాడు. ఇంకొంచెం కష్టమైంది వేస్తాడు, అదీ పట్టుకుంటాడు. ఇద్దరికీ అప్పటికే పొసగడం లేదు. ఆ నిమిషంలో మాత్రం ఒకరి నోట్లోంచి ఒకరు స్వరం లాక్కుంటున్నారు.

కాబట్టి ఆల్బమ్ మొత్తం వదిలెయ్. ఆ గొంతూ గిటారూ పోటీపడే చోటు ఒక్కటే తీసుకుని మూడు రోజులు మూడుసార్లు రాయి. మూడూ నాకు పంపు, ఏది తీసుకోవాలో మాత్రం నువ్వే ఏరు. ఫ్యాన్ ఆపేసిన వాక్యం ఎక్కడో ఒకచోట ఉండనీ.

నాన్నకి నేను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
బాబాయి