గే హక్కుల ఉద్యమం స్టోన్‌వాల్‌తోనే మొదలైందా?

కాదండి. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, ఫిలడెల్ఫియాకి మారేదాకా.

అమ్మానాన్న వచ్చినప్పుడు లిబర్టీ బెల్ చూపించడానికి తీసుకెళ్లాను. కనబడ్డ బోర్డల్లా చదివితే గానీ మా నాన్న కదలరు. ఇండిపెండెన్స్ హాల్ దగ్గర, చెస్ట్‌నట్ వీధి మూల మీద ఒక నీలం బోర్డు ముందు ఆగారు. 1965 నుంచి 1969 దాకా ఏటా జులై 4న గే హక్కుల కోసం ఇక్కడ ప్రదర్శనలు జరిగాయని అందులో ఉంది. న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ బార్ మీద పోలీసులు పడటం, జనం తిరగబడటం 1969 జూన్ 28న. అంటే ఇది అంతకు నాలుగేళ్ల ముందే. (బెర్లిన్‌లో 1897లోనే ఇందుకోసం సంఘం పెట్టారు, అది వేరే కథ.)

"వీళ్లకేం కావాలట?" అన్నారు నాన్న. నా సంగతి ఇంట్లో ఇంకా తెలీదు. అందుకని ఆ ప్రదర్శనలు నడిపించినవాళ్లలో ఒకరైన ఫ్రాంక్ కామెనీ సంగతి చెప్పాను. హార్వర్డ్‌లో ఖగోళశాస్త్రం పీహెచ్‌డీ, ఆర్మీ మ్యాప్ సర్వీస్‌లో ఉద్యోగం. గే అని 1957లో పీకేశారు. సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1961లో కేసు వినడానికే ఒప్పుకోలేదు.

నాన్న రిటైరైన ప్రభుత్వోద్యోగి. "పనిలో తప్పేం లేకుండానే?" అని రెండుసార్లు అడిగారు.

ఆ ప్రదర్శనల్లో మగవాళ్లు సూటు, టై, ఆడవాళ్లు గౌను వేసుకునే రావాలి. ఉద్యోగం అడిగేవాళ్లు ఉద్యోగుల్లా కనబడాలని కామెనీ పట్టు. స్టోన్‌వాల్ అయిన వారానికి జరిగిన చివరి ప్రదర్శనలో ఇద్దరమ్మాయిలు చెయ్యీ చెయ్యీ పట్టుకుంటే ఆయనే విడదీశాడు. కుర్రకారుకి ఒళ్లు మండింది. ఆ నవంబరులోనే ఈ కార్యక్రమాన్ని న్యూయార్క్‌కి మార్చాలని తీర్మానించారు. 1970 జూన్ 28న, స్టోన్‌వాల్ ఉన్న క్రిస్టఫర్ స్ట్రీట్ పేరు మీద ఊరేగింపు ఎవరికి నచ్చిన బట్టల్లో వాళ్లతో సెంట్రల్ పార్క్ దాకా సాగింది. ఇప్పటి జూన్ ప్రైడ్ ఊరేగింపులు దాని వారసత్వమే. నాకు మాత్రం ఆ సూట్లవాళ్లంటేనే ఎక్కువ అభిమానం. 1965లో మొహం దాచుకోకుండా నలభై మంది దాకా అట్టలు పట్టుకుని నిలబడ్డారంటే మాటలా!

కారెక్కాక చెప్పాను, 2009లో ప్రభుత్వం కామెనీకి అధికారికంగా క్షమాపణ చెప్పిందని. అప్పటికి ఆయనకి 84 ఏళ్లు.

నాన్న కాసేపు లెక్కేసుకుని, "మరి ఎరియర్సో?" అన్నారు.