బీప్ వినపడగానే చెరిపెయ్యకు

అమ్మడూ,

నువ్వు మీటర్ రీడింగుల పనిలో చేరుతున్నావని, చేతికి ఆ పాత తరం మొండి హ్యాండ్‌హెల్డే (రీడింగులు ఎక్కించుకునే చేతి యంత్రం) ఇస్తున్నారని మీ నాన్న చెప్పాడు. నా తర్వాత ఆ పెట్టె పట్టుకునేది నువ్వేనని కనపడినవాళ్లందరికీ చెప్పుకుంటున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టట్లేదు.

చార్జింగ్ చూసుకో, చేతిపట్టీ బిగించుకో. ఐపీ67 అని రాసి ఉంటే దుమ్ము చొరబడదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది. అయితే హెడ్‌సెట్ రంధ్రానికి రబ్బరు మూత ఉండి, అది ఊడి వేలాడుతుంటే ఆ అంకెను మర్చిపో. వానలో తడిసి స్పీకర్ గొంతు బొంగురుపోతే పిన్నుతో గుచ్చకు. లోపల నీటిని ఆపే పలచటి పొర ఉంటుంది, అది చిరిగితే మళ్లీ అతకదు. బోర్లించి ఆరనివ్వు.

ఇక ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనపడని వెలుగుతో రీడింగుల్ని ఇంకో యంత్రంలోకి పంపే ఏర్పాటు. నల్లటి గాజులా కనిపించే చిన్న కిటికీ అదే. టీవీ రిమోట్ గది ఆ చివరి నుంచీ పనిచేస్తుంది కదా అని దీన్నీ అలాగే అనుకోకు. ఇది ఒక మీటరు దూరం దాటితే నమ్మకం లేదు. రెండు యంత్రాల కిటికీలూ ఎదురెదురుగా ఉండాలి, అటూ ఇటూ పదిహేను డిగ్రీలకు మించి వాలకూడదు. నేనైతే జానెడు దూరంలోనే పెట్టేవాణ్ణి. మొదట సెకనుకు 9,600 బిట్లతో పలకరించుకుని, కుదిరితే 1,15,200 దాకా వేగం పెంచుకుంటాయి. ఒకటి పంపుతుంటే రెండోది వినాలి, రెండూ ఒకేసారి మాట్లాడలేవు. మీ అమ్మా నాన్నల్లా కాదన్నమాట.

నేను చేసిన ఘనకార్యం విను. ఓ వేసవి మధ్యాహ్నం, రెండు వందల పైచిలుకు రీడింగులు మా సూపర్‌వైజర్ యంత్రంలోకి పంపాలి. ఎక్కడ పంపాను? నడి ఎండలో, ఆరుబయట. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, అందులో ఆ కిటికీకి కళ్లు బైర్లు కమ్ముతాయి. పక్కనే జనరేటర్ హోరు. పైగా కుక్కలు మొరుగుతాయని నేనే సౌండ్ బాగా తగ్గించి పెట్టుకున్నాను. మా యంత్రంలో పని పూర్తయితే రెండు చిన్న బీపులు, లింకు తెగితే ఒక పొడుగు బీపు. ఏదో బీప్ అన్నట్టు వినపడింది. అయిపోయిందనుకుని నా వైపు మొత్తం చెరిపేశాను.

అవతలికి చేరినవి ముప్పై ఏడు.

సూపర్‌వైజర్ ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. మర్నాడు గడప గడపకీ మళ్లీ తిరిగాను. "నిన్ననే వచ్చావుగా బాబూ" అన్న ప్రతి ఒక్కరికీ ఏదో ఒక అబద్ధం చెప్పాను. ఒక పెద్దావిడ మాత్రం నా ముఖం చూసి ఏమీ అడక్కుండా మంచినీళ్లిచ్చింది.

అందుకే నీడలోకి వెళ్లి పంపు. నీడ లేకపోతే నీ ఒంటినే అడ్డం పెట్టు. చెరిపే ముందు రెండు తెరల మీదా లెక్క చూడు. నీ అంకె, వాళ్ల అంకె ఒకటే అయితేనే ఆ బటన్ జోలికి వెళ్లు. సౌండ్ తగ్గించకు. కుక్కలకు వేరే ఉపాయం చూద్దాం, ఆ భయం నాకింకా పోలేదు.

మా పాత యంత్రం ఒకటి అటక మీద ఉంటే నిన్న దించాను. ఇంకా పలుకుతోందట. బీప్ కొట్టిందని మీ పెద్దమ్మ వంటింట్లోంచి అరిచి చెప్పింది, పక్కనే ఉన్న నాకు వినపడలేదు.

మొదటి రోజు పని అవ్వగానే ఫోన్ చెయ్యి. కాస్త గట్టిగా మాట్లాడు.

మీ పెదనాన్న