పాత బిల్లింగ్ కోడ్ మొత్తం తిరగరాయాలా?

రెండు వేల లైన్ల ఇన్‌వాయిస్ ఫంక్షన్, కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే టెస్ట్ ఒక్కటీ లేదు, మేనేజరేమో రీరైట్‌కి టైమ్ ఇవ్వనంటున్నారు అని రాశారు. ఈ విషయంలో మీ మేనేజర్ మాటే నాకు సబబనిపిస్తోందండీ. నెట్‌స్కేప్ బ్రౌజర్ వాళ్లు 1998లో పాత కోడ్ పక్కనపెట్టి మళ్లీ మొదటి నుంచి రాయడానికి పూనుకుంటే, కొత్త వెర్షన్ 2000 చివర్లో గానీ బయటికి రాలేదు. ఈలోగా జనం మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి వెళ్లిపోయారు.

ముందు ఆ ఫంక్షన్ ఇప్పుడు ఏం చేస్తోందో పట్టి ఉంచండి. పాత ఇన్‌వాయిస్‌లు ఓ యాభై తీసి, కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు మార్చేసి ఇన్‌పుట్‌గా ఇవ్వండి. వచ్చిన అవుట్‌పుట్‌ని ఫైళ్లలో దాచి, ప్రతి మార్పు తర్వాతా దాంతో పోల్చే టెస్ట్ రాయండి. ఈరోజు తేదీ కోడ్‌లోనే తీసుకుంటుంటే దాన్ని బయటి నుంచి పంపేలా మార్చాలి, లేకపోతే టెస్ట్ రోజూ ఫెయిలవుతుంది. జీఎస్టీ రౌండింగ్‌లో పైసా తేడా కనిపించినా అప్పుడే సరిచేయొద్దు. దాని మీద ఆధారపడ్డ రిపోర్ట్ ఎక్కడో ఉండొచ్చు, చేయాల్సిన పనుల జాబితాలో విడిగా టికెట్ వేయండి.

ఆ తర్వాతే ముక్కలు చేయడం. మొదట పన్ను లెక్క వేరే ఫంక్షన్‌లోకి తీయండి. కోడ్ శుభ్రం చేసే కమిట్‌లో (ఒకేసారి సేవ్ చేసే మార్పుల కట్ట) కొత్త ఫీచర్ మాత్రం కలపకండి, రేపు దాన్ని రివర్ట్ చేయాల్సి వస్తే, అంటే వెనక్కి తీయాల్సి వస్తే, నరకం.

మిగతా కోడ్ గురించి టెన్షన్ వద్దు. గిట్ లాగ్‌లో, అంటే కోడ్ మార్పుల చిట్టాలో, ఏడాదిగా ఎక్కువసార్లు మారిన ఫైళ్లే చూడండి. ఎవరూ ముట్టుకోనిది ఎంత చెత్తగా ఉన్నా వదిలేయండి. ఈ పనికి విడిగా టైమ్ అడక్కుండా ప్రతి టికెట్ ఎస్టిమేట్‌లోనే కలిపి చెప్పండి. టెస్ట్ రాసేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే ఆ కోడ్ ముక్క ఇక్కడ పెట్టండి, చూస్తాను.