సినిమా అయ్యాక దీపాలు వెంటనే వెయ్యకు

చిరంజీవి బుజ్జికి,

అత్తయ్య ఆశీస్సులు. ఖమ్మం దగ్గర హాస్టల్ పిల్లలకి ఈ ఆదివారం నువ్వు ‘బ్రదర్ బేర్’ బొమ్మల సినిమా వేసి చూపిస్తున్నావని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. ముప్పై రెండేళ్లు బడిలో పనిచేసినదాన్ని. నా మేనకోడలు పిల్లల కోసం సెలవురోజు పెట్టుకుందంటే నాకెంత సంతోషమో వేరే చెప్పాలా? కానీ ఆ సినిమా పేరు వినగానే గుండె గుభేలుమంది, రాత్రంతా నిద్రలేదు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. అందుకే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మామూలు సంగతులు ముందు. ప్రొజెక్టర్, స్పీకర్ శనివారమే సరిచూసుకో. సినిమా గంటన్నర కూడా ఉండదు, మధ్యలో ఆపకు. మొదటి ఇరవై నాలుగు నిమిషాలు బొమ్మ కాస్త ఇరుకుగా ఉంటుంది, ఏదో పాడైందని సెట్టింగులు మార్చేస్తావేమో, మార్చకు. కథలోని కుర్రాడు కెనాయ్ ఎలుగుబంటిగా మారాక తెర వెడల్పవుతుంది, రంగులు విచ్చుకుంటాయి. మనిషిగా చూసిన అడవి వేరు, ఎలుగుగా చూసిన అడవి వేరు అని తెలియాలనే అలా తీశారు. డిస్నీ వాళ్ల ఫ్లోరిడా స్టూడియోలో చేత్తో గీసిన బొమ్మలవి. 2003లో సినిమా వచ్చింది, 2004లో ఆ స్టూడియోనే మూతపడింది. ఆ సంగతి తెలిశాక ఆ అడవిలో ఒక్క ఆకునీ తేలిగ్గా చూడలేకపోయాను.

ఇంగ్లిష్ రాదని పిల్లలు భయపడకుండా కథ మొదలు మాత్రం తెలుగులో చెప్పు. ముగ్గురు అన్నదమ్ములు: సిట్కా, డెనాహి, కెనాయ్. చేపల బుట్ట గట్టిగా కట్టమంటే చిన్నవాడు కెనాయ్ సరిగ్గా కట్టడు. ఎలుగుబంటి వచ్చి చేపలు తినేస్తుంది. కెనాయ్ కోపంగా దాని వెంట పడతాడు, తమ్ముళ్లని కాపాడబోయి పెద్దవాడు సిట్కా మంచుగడ్డ విరిగి చనిపోతాడు. కెనాయ్ ఆ ఎలుగుని చంపి, తనే ఎలుగుబంటి అయిపోతాడు. తల్లి తప్పిపోయిందనుకుంటున్న కోడా అనే ఎలుగు పిల్ల దారిలో కలుస్తుంది. అంతవరకే చెప్పు. తను చంపింది కోడా వాళ్లమ్మనే అని కెనాయ్‌కి తెలిసినప్పుడే పిల్లలకీ తెలియాలి.

అట్లాస్ ఉంటే అలాస్కా పేజీ తెరిచిపెట్టు. కెనాయ్, సిట్కా అక్కడి ఊళ్ల పేర్లు. వేలు పెట్టి వెతుక్కుంటారు, భలే సరదా పడతారు. సాల్మన్ చేపలు నదికి ఎదురీదే చోట మా కోనసీమ పిల్లలకి నేను ఏమీ చెప్పాల్సిన పని పడలేదు. “పులస, పులస!” అని వాళ్లే అరిచారు. వరద రోజుల్లో సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే చేపని చూసి పెరిగినవాళ్లు కదా.

ఇక అసలు సంగతి. మీ నాన్నకి కూడా చెప్పలేదు ఇది.

2009 జూలైలో మా ఆరో తరగతి పిల్లలకి ఈ సినిమా వేశాను. ఆ తరగతిలో ఒక పిల్లాడున్నాడు, పేరు రాయను. ఆ వేసవిలోనే వాళ్లన్న కాలవలో మునిగి చనిపోయాడు. అన్న సైకిల్ మీదే బడికి వచ్చేవాడు. సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు పెట్టి తొక్కేవాడు. నిజం చెప్పాలంటే నేను ఆ సినిమా తెచ్చిందే వాడి కోసం. చనిపోయిన సిట్కా డేగ రూపంలో తమ్ముళ్లని కనిపెట్టుకుని ఉంటాడు కదా, అది చూస్తే వాడికి ఊరటగా ఉంటుందనుకున్నాను.

కెనాయ్ కోడాకి నిజం చెప్పే చోట చూడు, మాటలు వినిపించవు. పాట వస్తుంది, ఎలుగు పిల్ల మొహం మారిపోతుంది, అంతే. తీసినవాళ్లే అక్కడ గొంతు తగ్గించారు. నేను మాత్రం పాట మీద గొంతు పెంచి తెలుగులో వివరించాను. అది చాలదన్నట్టు సినిమా అయ్యాక వాణ్ని లేపి, “ఏమనిపించిందిరా? అన్న గుర్తొచ్చాడా?” అని అడిగాను. నలభై తలలు వాడి వైపు తిరిగాయి. “బాగుంది టీచర్” అన్నాడు, కాళ్ల వైపు చూస్తూ. నేను ఊరుకోలేదు. “మీ అన్న కూడా అలాగే పైనుంచి చూస్తుంటాడు” అన్నాను.

మర్నాటి నుంచి ఊళ్లో ఏ గద్ద ఎగిరినా పిల్లలు “ఒరేయ్, మీ అన్న!” అని కేకలు. ఏడిపించాలని కాదు, టీచర్ చెప్పింది కదా అని నమ్మారు. వాడు బడి మానేశాడు. వారం తర్వాత వాళ్లమ్మ వచ్చి, “ఏం చెప్పారండీ వాడికి? తల పైకెత్తడం లేదు” అంది.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. వాడు ఊడిపోయిన సైకిల్ గొలుసు ఎక్కిస్తున్నాడు, నేను చక్రం పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి అడిగాడు: “టీచర్, బుట్ట తను సరిగ్గా కట్టలేదని కెనాయ్ వాళ్ల ఊళ్లో చెప్పాడా?”

నేను జవాబు వెతుక్కుంటుంటే వాడే అన్నాడు. “నా చెప్పు కాలవలో పడింది. అన్నయ్య దానికోసమే దిగాడు.”

సినిమా అంతా నేను డేగని చూపించాలని తాపత్రయపడితే, వాడు ఆ బుట్టనే చూస్తూ కూర్చున్నాడు బుజ్జీ. నేనేమీ అనలేదు. నూనె, మసి అంటుకున్న ఆ చేతుల్ని పట్టుకున్నాను. చాలాసేపు ఏడ్చాడు. సోమవారం బడికి వచ్చాడు.

అందుకని నిన్ను బతిమాలుకుంటున్నాను. ఎవరింట్లో ఎవరు పోయారో వార్డెన్‌ని ముందే అడిగి తెలుసుకో. ఆ పిల్లలకి దగ్గరగా కూర్చోవడానికే, లేపి మాట్లాడించడానికి కాదు. ఏం నేర్చుకున్నారని ఎవరినీ అడగకు. కెనాయ్ మళ్లీ మనిషి కాకుండా ఎలుగుగానే ఎందుకు ఉండిపోయాడని వాళ్లు అడిగితే, నువ్వేమనుకుంటున్నావని తిరిగి అడిగి ఊరుకో. రాత్రి ఎవరైనా నీ దగ్గరికి వచ్చి ఊరికే నిలబడొచ్చు. ఏదో ఒక పని చేస్తూ ఉండు, ఉల్లిపాయలు తరుగు, చాపలు మడత పెట్టు, వెళ్లిపోకు.

ఇంకో మాట. పొద్దున మున్నేరు ఒడ్డున భోజనాలు అనుకుంటున్నావట. వద్దు. నీకు ఈత వచ్చని నాకు చెప్పకు, నేను ఒప్పుకోను. హాస్టల్ వరండాలోనే పెట్టు.

జంతికలు, సున్నుండలు రెండు డబ్బాలు మీ నాన్నతో పంపిస్తున్నాను. మనిషికి రెండేసి వస్తాయి, నువ్వూ తిను, చిక్కిపోయావు. సినిమా అయిపోగానే దీపాలు వేసేయకు. పేర్లు పడుతున్నంతసేపు చీకట్లోనే ఉండనీ, మొహాలు తుడుచుకుంటారు. ఆ తర్వాత డబ్బాల మూతలు తియ్యి.

నీ
అత్తయ్య